మాస్టారు చివర నుంచి చెప్పిన యుద్ధాలు

గురువారం మధ్యాహ్నం మాస్టారు పోయారు. ఇక్కడ ఆస్ట్రేలియాలో, వెర్రిబీ పేటలో తన ఇంట్లోనే, కిటికీ పక్కన రోజూ కూర్చునే కుర్చీలో. పొద్దున ఖాళీ అయిన చెత్తబిన్ మధ్యాహ్నం దాటినా రోడ్డు పక్కనే ఉండడం చూసి పక్కింటావిడ అనుమానపడి తలుపు కొట్టింది. లోపల రేడియోలో వార్తలు వస్తూనే ఉన్నాయట. సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉండే మాస్టారి అబ్బాయి నాకు ఫోన్ చేసి, "అక్కా, నాన్న ఇక లేరు. నేను ఫ్లైట్ దొరకగానే బయల్దేరతా. అందాకా మీరు ఇంట్లో ఉంటారా?" అన్నాడు. నేను ట్రుగనీనాలో పనిచేసే వేర్‌హౌస్‌లో చేతిలో స్కానర్‌తో నిలబడి ఉన్నాను. ఎవరికో ఒకరికి చెప్పి కారెక్కాను. ఎవరికి చెప్పానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

వెళ్ళేసరికి ఆయన తల రేడియో వైపు కొద్దిగా వాలి ఉంది. ఏదో మాట సరిగ్గా వినపడక చెవి ఒగ్గినట్టు. నేను రేడియో ఆపేశాను. ఆ ఇంట్లో దాన్ని ఎవరైనా ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన్ని ఎరగని పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. కడప జిల్లాలో పుట్టి, అమెరికాలో చదువుకుని, కుర్రతనంలోనే ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడి యూనివర్సిటీలో దశాబ్దాలపాటు అమెరికా చరిత్ర చెప్పారు. అందులోనూ ప్రత్యేకంగా యుద్ధాలు. ఈ సంగతి మన తెలుగువాళ్ళకి ఎప్పుడూ సరిగ్గా ఎక్కలేదు. ఒక ఉగాది ఫంక్షన్‌లో ఎవరో ఆయన్ని "అమెరికా గురించి అన్నీ తెలిసిన ప్రొఫెసర్ గారు" అని మైకులో పరిచయం చేశారు. ఇక చూడండి. పులిహోర ప్లేట్లు పట్టుకుని జనం ఆయన చుట్టూ మూగారు. మా వాడికి అక్కడ సీటొస్తుందాండీ, మా మరదలి వీసా ఎందుకు కొట్టేశారండీ అని ఒకటే ప్రశ్నలు. ఆయన అందరి మాటా ఓపిగ్గా విని, "నాకు తెలిసిన అమెరికాలో బతికున్నోళ్ళు తక్కువమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

మా పశ్చిమపు పేటల్లో ఆయనకి ఇంకో పేరుంది, నిమ్మకాయల మాస్టారు. ఆయన పెరట్లో నిమ్మచెట్టు ఉంది. దసరాలో ఆయుధ పూజ రోజు ట్రుగనీనా నుంచి వెర్రిబీ దాకా ఎవరి గరాజ్‌లో కారు చక్రాల కింద నిమ్మకాయలు కనిపించినా అవి ఆ చెట్టువే. షాపులో కొనుక్కుంటామంటే ఒప్పుకునేవారు కాదు. సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేవారు.

ఇలా ఆయన పోయిన సంగతి ముందు చెప్పి, ఆయన బతికిన సంగతి తర్వాత చెప్పడం నా తెలివి కాదు. ఆయన పద్ధతే అది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన భోజనాల బల్ల చుట్టూ మన పిల్లలు కొందరు చేరేవాళ్ళు. మా అమ్మాయి అప్పుడు పన్నెండో తరగతిలో హిస్టరీ తీసుకుంది. మా ఆయన ఆ మాట విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మాథ్స్ కూడా తీసుకుంది కాబట్టి బతికిపోయాం. మొదటిరోజు నేను దింపడానికి వెళ్ళి, వంటింటి గుమ్మం దగ్గర టీ తాగుతూ విన్నాను.

అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన యుద్ధం ఆ రోజు పాఠం. ఏ టీచరైనా బానిసల గురించో, పత్తి గురించో, ఎన్నికల గురించో మొదలుపెడతారు. ఈయన ఒక పెద్ద ఇంటి బొమ్మ చూపించారు. కొండ మీద స్తంభాల ఇల్లు, ముందు పచ్చిక నిండా తెల్లటి సమాధి రాళ్ళు.

"ఇది ఎవరిల్లో తెలుసునా? దక్షిణాది సేనలు నడిపిన సేనానిది. వాళ్ళ వాకిట్లోనే శవాలు పూడ్చినారు. ఎందుకు?"

"రివెంజా అంకుల్?" అంది మా అమ్మాయి.

"అదీ కొంత. ఇంకా?"

"వాళ్ళకి వేరే చోటు లేదా?"

"వేరే చోట్లు నిండిపోయినాయి. ఎందుకు నిండినాయో అడుగు. అట్లా అడుగుతా వెనక్కి పోవల్ల."

పిల్లలు అలా ఒక్కో ప్రశ్నా అడుగుతూ సమాధుల నుంచి ఆసుపత్రి గుడారాలకి, అక్కడి నుంచి తగలబడిన పొలాలకి, వంచేసిన రైలు పట్టాలకి, చిట్టచివరికి మనిషిని వేలంలో నిలబెట్టి అమ్మిన సంతకి చేరారు. అప్పటికి మూడు ఆదివారాలు గడిచాయి. "ఈ యుద్ధానికి అసలైన కారణం ఉన్నింది. అది కూడా వెనకనుంచి వస్తేనే సరిగ్గా కనపడతాది" అన్నారు మాస్టారు.

ఎందుకు ఇలా తిరగేసి చెబుతారని నేనే ఒకసారి అడిగాను. "ముందు వాకిలికి ఎప్పుడూ తోరణాలు కట్టే ఉంటాయమ్మా. పిల్లోల్లని దొడ్డి వాకిట్లోనుంచి తీసుకపోతే ఇల్లు ఎట్లా ఉందో తెలుస్తాది" అన్నారు. కారణం దగ్గర మొదలుపెడితే ప్రతి యుద్ధమూ న్యాయంగానే వినపడుతుందని ఆయన నమ్మకం.

యుద్ధం ఎలా నడిచిందో చెప్పేటప్పుడు సేనానుల ఎత్తుల జోలికి పెద్దగా పోయేవారు కాదు. "ఆ పొద్దు ఆ ఊళ్ళో అన్నం ఎవరు వండినారు?" అని అడిగేవారు. ఫిలిప్పీన్స్‌లో తగలబెట్టిన పల్లెలైనా, వియత్నాంలో ఆకు రాల్చే మందు చల్లిన అడవులైనా, ఇరాక్‌లో కరెంటు పోయిన వీధులైనా అదే ప్రశ్న. పిల్లలు తెల్లమొహాలు వేసేవాళ్ళు. పుస్తకాల్లో అది ఉండదు. వెతకాలి. వెతికితే ఎక్కడో ఒకచోట, పొయ్యి వదిలేసి పారిపోయిన ఆడమనిషి మాట ఒకటి దొరికేది. లావోస్ గురించి చెబుతూ, అక్కడ ఇప్పటికీ నాగలి కింద పాత బాంబులు పేలుతుంటాయని అన్నారు. "యుద్ధం అయిపోయిందని ఎవరు చెప్పినారు వాళ్ళకి?" అని కిటికీలోంచి నిమ్మచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో ఆదివారాలు సరదాగా ఉండేవని నేను అబద్ధం చెప్పను. బయటికి వచ్చాక ఎండ కూడా వేరుగా కనిపించేది.

ఆ ఏడు చివర్లో మా అమ్మాయి ఒకటి కనిపెట్టింది. కారణాలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి, తలెత్తి, "అంకుల్, దేర్ ఈజ్ ఆల్వేస్ ఎ షిప్" అంది. ఎప్పుడూ ఒక ఓడ ఉంటుంది.

నిజమే. బ్రిటిష్‌వాళ్ళు అమెరికా ఓడలాపి నావికుల్ని పట్టుకుపోయారని ఒక యుద్ధం. హవానా రేవులో ఒక ఓడ పేలింది. ఎందుకు పేలిందో తేలకముందే ఇంకో యుద్ధం. ప్రయాణికుల ఓడను జర్మన్లు ముంచడం, హవాయి రేవులో ఓడల మీద బాంబులు పడడం, ఇవి రెండు ప్రపంచ యుద్ధాలకి. వియత్నాం పక్కన టాంకిన్ జలాల్లో చీకట్లో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికావాళ్ళు అన్నారు. ఆ రెండో దాడి అసలు జరగనే లేదని తర్వాత తేలింది. ఈలోపు లక్షల మంది పోయారు. వాళ్ళలో అమెరికా వెంట వెళ్ళిన ఈ దేశపు కుర్రాళ్ళూ ఉన్నారు.

మాస్టారు ఆ కాగితం తీసుకుని చూశారు. శిష్యురాలు మంచి మాట పట్టుకుందని ముందు మొహం వెలిగింది. "అన్నిటికీ కాదు మే, చానావాటికి" అన్నారు. కాసేపటికి ఆ వెలుగు పోయింది. "ఓడ దూరంగా ఉంటాది. ఏం జరిగిందో పోయి చూసినోడు ఉండడు. అందుకే అది పనికొస్తాది. వార్తల్లో మొదటి మాట ఓడ అయితే, కొంచెం ఆగి వినండి" అని పిల్లలకి చెప్పారు.

ఇంత విన్న పిల్ల ఇంజినీరింగ్ చదివి, నేవీలో చేరతానంది.

నాకు ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. పెళ్ళి చేసుకోనన్నా, పచ్చబొట్లు పొడిపించుకుంటానన్నా సర్దుకుపోయేదాన్ని. తిన్నగా వెర్రిబీ వెళ్ళాను.

"మాస్టారూ, ఇదంతా మీ పాఠాల వల్లే. ఎన్ని ఓడలు మునిగాయో చెప్పి చెప్పి చివరికి దాన్ని ఓడెక్కిస్తున్నారు. మీరన్నా వద్దని చెప్పండి. మీ మాటైతే వింటుంది."

"వింటాదనే నా భయం" అన్నారు ఆయన. "ఇంకొకరి పిల్లోల్లు ఏం చెయ్యల్లో నిర్ణయించిన పెద్దమనుషుల గురించే నేను బతుకంతా చదివినానమ్మా. నన్ను ఆ వరసలో నిలబెట్టొద్దు."

కోపంతో చాలా నెలలు ఆ ఇంటికి వెళ్ళలేదు. ఆయన మాత్రం దసరాకి మామూలుగానే నిమ్మకాయల సంచితో వచ్చారు. మా ఆయన లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాడు. నేను టిఫిన్ పెట్టకుండా ఎలా ఉంటాను?

కిందటి దసరాకి అమ్మాయి సెలవు మీద ఇంట్లో ఉంది. అప్పటికి వార్తల్లో రోజూ ఒకే జలసంధి పేరు వినపడుతోంది. ఎవరి ఓడలు ఎవరికి దగ్గరగా వచ్చాయి, ఎవరు ఎవరిని హెచ్చరించారు, ఇదే గొడవ. మేం టీవీ కట్టేసి గరాజ్‌లో పూజ చేసుకున్నాం. మా ఆయన డ్రిల్లింగ్ మెషీను, లాప్‌టాప్‌లు, నా స్కానర్, వాటి పక్కనే అమ్మాయి తన నేవీ టోపీ తెచ్చి పెట్టింది. నేనే దానికి దూరంగా కుంకుమ చుక్క ఒకటి పళ్ళెంలో పెట్టాను, బట్టకి అంటితే వాళ్ళ ఆఫీసర్లు తిడతారని. అమ్మాయి చిన్న కారుకి పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మాస్టారు గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ టోపీ వైపే చూస్తున్నారు. "పూలు పెడితే అన్నీ ముద్దుగానే ఉంటాయి" అన్నారు మెల్లగా.

మా ఆయన కొబ్బరికాయ కొడుతుండగా అమ్మాయి ఫోన్ మోగింది. బయటికెళ్ళి మాట్లాడి వచ్చింది.

"మమ్, లీవ్ క్యాన్సిల్. ఈ ఆర్వో ఫ్లైట్‌కే పెర్త్ వెళ్ళాలి."

ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం. అంటే అప్పటికప్పుడే, వాళ్ళ ఓడ ఆగే రేవుకి. ఎందుకని అడిగితే చెప్పకూడదంది. నేను ఏడుస్తూ ఇడ్లీలు డబ్బాలో సర్దుతున్నాను. మా ఆయన తన కారు తాళాలు వెతుకుతున్నాడు. ఆ గందరగోళంలో మాస్టారు కుర్చీలోంచి లేచి అమ్మాయి ముందుకొచ్చి నిలబడ్డారు.

"చివర చెప్పు" అన్నారు.

"అంకుల్, అది ఇంకా జరగలేదు కదా!"

"అందుకే ఇప్పుడు చెప్పమంటాండా."

అమ్మాయి కాసేపు ఆయన్ని చూసింది. తర్వాత తన కారు వైపు చూసింది. "ఐ కమ్ హోమ్," అంది. ఇంటికి వస్తాను. "వచ్చి, ఈ కారెక్కి, ఈ లెమన్స్ మీద నుంచి డ్రైవ్ చేస్తాను. ఫస్ట్ మీ ఇంటికే వస్తాను అంకుల్."

"మంచిది" అన్నారు. మావైపు తిరిగి, "బండి కదపొద్దండి. నిమ్మకాయలు ఆ పిల్లే తొక్కించల్ల" అన్నారు.

కదపలేదు. పూలదండ ఎండి రాలిపోయింది, నిమ్మకాయలు చక్రాల ముందే ఉండిపోయాయి. గరాజ్‌లో చోటు లేక మా ఆయన కారు వేసవంతా బయట వాకిట్లోనే ఉంది. వడగళ్ళు పడిన రోజు దాని పైకప్పు సొట్టలు పోయింది. మాస్టారిని ఏమీ అనలేక నా మీద విసుక్కున్నాడు. పడున్న బండికి బ్యాటరీ చచ్చిపోతుందని మాస్టారే ప్రతి ఆదివారం వచ్చేవారు. గరాజ్ తలుపు ఎత్తి, డ్రైవర్ సీట్లో కూర్చుని, బ్రేక్ మీద కాలేసి ఇంజిన్ స్టార్ట్ చేసి, అది నడుస్తున్నంతసేపూ రేడియోలో వార్తలు వినేవారు. నేను టీ తెచ్చి పక్క సీట్లో కూర్చునేదాన్ని. అమ్మాయి ఎప్పుడన్నా ఫోన్ చేస్తే ఆ సంగతులు చెప్పేదాన్ని. ఎక్కడున్నావని దాన్ని అడగకూడదు. ఏం తిన్నావని అడగొచ్చు. అది చెప్పే తిండి ఆయనకి పూస గుచ్చినట్టు అప్పజెప్పేదాన్ని. "ఎవరు వండినారంట?" అని అడిగేవారు. పిల్లలకి వేసే ఆ పాత ప్రశ్న నాకు అప్పుడు అర్థమైంది.

ఒక ఆదివారం, బయట చలిగాలి ఈడ్చి కొడుతుంటే, ఎందుకండీ మీకింత శ్రమ, మా ఆయన చేస్తాడుగా అన్నాను. ఆయన ఇంజిన్ ఆపలేదు.

"నేను అమెరికా పోయింది పల్నాటి శాసనాల మీద పని చేసేదానికి" అన్నారు. "రూములో నాతోపాటు ఒక పిల్లోడు ఉన్న్యాడు. మొక్కజొన్న పండించే రైతు కొడుకు. నాకు డ్రైవింగ్ నేర్పించింది వాడే. పుట్టిన తేదీలు చీటీలేసి తీసేవాళ్ళు అప్పుడు, వియత్నాం పంపేదానికి. వాడిది వచ్చింది. పోతా పోతా కారు తాళాలు నా చేతికిచ్చి, అప్పుడప్పుడు స్టార్ట్ చేస్తా ఉండు, నేనొచ్చేసరికి చెడిపోకుండా అన్న్యాడు."

ఆయన తన టీ కప్పు తాగకుండా పక్కన పెట్టారు.

"చేసినా. వారం వారం చేసినా. ఒకనాడు వాళ్ళ నాయన వచ్చినాడు, తాళాలు అడిగేదానికి. కారులో కూర్చుని తిప్పితే ఒక్కసారికే పట్టుకునింది. బాగా చూసుకున్న్యావు నాయనా అన్న్యాడు. తర్వాత, నువ్వు హిస్టరీ చదువుతావుండావు కదా, మావాడు యాడికి, ఎందుకు పోయినాడో నాకు చెప్పు అన్న్యాడు. నాకు చేతకాలేదమ్మా. నాకు తెలిసింది చివర ఒకటే. ఆ కారు. దాన్ని పట్టుకుని వెనక్కి పోతావుండా, ఇప్పటిదాకా."

ఆ రోజు నా కోపమంతా ఎక్కడికి పోయిందో. ఒక మనిషి యాభై ఏళ్ళకి పైగా ఒక తండ్రికి జవాబు వెతుకుతూ, ఆ వెతుకులాటలో మా పిల్లలకి చదువు చెప్పారు. మా అమ్మాయిని ఆయన ఆపలేదు, కానీ దాని కారును ఒక్క వారం కూడా చల్లారనివ్వలేదు. ఆయనకి నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ఆయన ముందు అనలేకపోయాను. ఆయన కప్పులో టీ చల్లారిందని ఇంకోటి పెట్టుకొచ్చాను, అంతే.

అంత్యక్రియలకి ఆయన పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. జుట్టు నెరిసిన తెల్లవాళ్ళు, మనవాళ్ళు. మాస్టారి అబ్బాయి పెరట్లో కోసుకొచ్చిన నిమ్మకాయలు ఒక గంపలో పెట్టాడు. ఎవరికి వాళ్ళం ఒకటి తీసి ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె మీద ఉంచాం. మంత్రాలు చదువుతుండగా ఒకటి దొర్లి కింద పడింది. వెనక ఎవరో పిల్లవాడు ఫక్కున నవ్వాడు. మాస్టారు ఉంటే ఆయనా నవ్వేవారు.

అమ్మాయికి కబురు ఎలా చెప్పాలో తెలియక గురువారమే మెసేజ్ పెట్టాను. పంపినట్టు ఒక్క టిక్కే కనిపిస్తోంది. చేరినట్టు రెండో టిక్కు ఇంకా పడలేదు. కిందటి నెల నుంచి దాని దగ్గర్నుంచి ఫోన్ కూడా రాలేదు. ఇలా అవుతుంటుంది, కంగారు పడకండి అని వాళ్ళ ఆఫీసు వాళ్ళు అంటారు.

ఈ ఆదివారం గరాజ్ తలుపు నేనే ఎత్తాను. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. సీటు ఇంకా మాస్టారి కాళ్ళకి సరిపోయేట్టు వెనక్కే ఉంది. దాన్ని ముందుకి జరుపుకోబుద్ధి కాలేదు. అంచుమీద కూర్చుని, ఆయన లాగే బ్రేక్ మీద కాలేసి, తాళం తిప్పాను. ఒక్కసారికే పట్టుకుంది. దాంతోపాటు ఆయన పెట్టి వదిలేసిన స్టేషన్‌లో రేడియో మోగింది. అప్పుడే వార్తలు మొదలవుతున్నాయి.

ఓడ. అదే మొదటి మాట.

ఆ జలసంధి దగ్గర ఒక ఓడ మీద దాడి జరిగిందని చెబుతున్నారు. ఎవరు చేశారో నిర్ధారణ కాలేదట. ఏ దేశపు ఓడో ఇంకా ప్రకటించలేదట. అయినా గట్టిగా బదులు చెప్పాలని అప్పుడే ఎవరో పెద్దమనిషి అంటున్నాడు, ఆయన గొంతులో ఏ తడబాటూ లేదు.

కొంచెం ఆగి వినండి అన్నారు మాస్టారు. వింటున్నాను. తెరిచిన కారు తలుపు పక్కనుంచి వంగి చూస్తే ముందు చక్రం కింద నిమ్మకాయ కనిపిస్తోంది. ఎండి, నల్లబడి, పిడికిలిలా బిగుసుకుపోయింది గానీ చితకలేదు. నా కాలు బ్రేక్ మీదే ఉంది. ఆ కాయ తొక్కించాల్సింది అమ్మాయే అని, ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాను.